దీపావళి నూనె గురించి, నా గురించి

అనంతపురంలో మా గానుగ నూనె వాడుతున్న అక్కలకు, అన్నలకు నమస్కారం.

దీపావళికి ముందు వారం మా దగ్గర చెనక్కాయ నూనె తీసుకున్నవాళ్లలో పదకొండు ఇళ్ల నుంచి ఫోన్లొచ్చాయి. నూనె ముక్కిన వాసన వస్తోందన్నారు. అందరికంటే ముందు చేసిన టీచరమ్మ, "ఉగ్గాణికి తాలింపు పెడితే చేదు తగిలిందమ్మా, పిల్లలు తినలేదు" అన్నారు. ఆ నూనె ఇంకా ఇంట్లో ఉంటే దయచేసి వాడొద్దు. సగం అయిపోయిన సీసా అయినా సరే తెచ్చివ్వండి, డబ్బు పూర్తిగా ఇస్తాను. ఆ వారం చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) తీసుకెళ్లినవాళ్లు దాన్ని పశువులకు పెట్టొద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, తడి ఆరని విత్తనానికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది వేయించినా కాచినా పూర్తిగా పోదు. చెక్క తిన్న ఆవు పాలలోకి కూడా వస్తుంది. మనం నూనెను రిఫైన్ చేయం కాబట్టి విత్తనంలో ఉన్నది కొంత నూనెలోకీ దిగుతుంది. మా నూనెను ల్యాబ్‌కు పంపాను, రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగి చెప్పడం నాకు సరి అనిపించలేదు.

ఇది ఎట్లా జరిగిందో చెప్తాను. జూన్‌లో విత్తిన చేలు సెప్టెంబర్ చివర్లో పీకారు. పీకిన చెనక్కాయ చెట్లు చేలోనే ఉండగా వాన పట్టుకుంది. అలాంటి చేను కాయలే మాకు తొమ్మిది మూటలొచ్చాయి. మా దగ్గర ఆరేళ్లుగా విత్తనాలు ఏరే అక్క మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, "లోపల చల్లగా ఉందమ్మా, రెండ్రోజులు ఎండలో పోద్దాం" అంది. నేను ఫోన్లో ఆర్డర్ రాసుకుంటున్నాను. రెండు గింజలు కొరికి చూసి, "నాకు తెలీదా అక్కా, ఏం కాదు, వేయండి" అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు.

ఫోన్లొచ్చిన తర్వాత ఆమెను అడిగాను, ఆ రోజు నన్నెందుకు ఆపలేదని. "చెప్పినాను కదమ్మా. నువ్వు ఒకసారి అన్నాక మళ్లీ ఎవరం చెప్తాం?" అంది. ఆమె మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గింజ కొరికి మంచిచెడ్డ చెప్పగలగడం, రైతుతో మాట్లాడి అక్కడికక్కడే ధర తేల్చి అదే రోజు డబ్బు చేతిలో పెట్టడం, ఏ ఇంటికి ఎన్ని లీటర్లు కావాలో పుస్తకం చూడకుండా చెప్పడం, ఇవి నాకు వచ్చు. ఒక గానుగ, ఇద్దరు మనుషులతో మొదలుపెట్టినప్పుడు షాపును నిలబెట్టింది ఇవే. ఆ మాట చెప్పుకోవడానికి నేను మొహమాటపడను. కానీ ఇప్పుడు మేం ఏడుగురం. ఏ మూట తీయాలన్నా, ఏ క్యాన్ ఎవరికివ్వాలన్నా అందరూ నా మొహమే చూస్తారు. ఆగస్టులో అమ్మకు ఆపరేషనని నాలుగు రోజులు బెంగళూరులో ఉన్నాను. అందులో మూడు రోజులు గానుగ తిరగలేదు. కొత్త సరుకు విప్పడానికి ఎవరికీ ధైర్యం రాలేదు. ఆసుపత్రి వరండాలో నుంచుని ఫోన్లో, "ఈమాత్రం మీకు తెలీదా" అని వాళ్లనే తిట్టాను. అంతకుముందు పిల్లోడొకడు సొంతంగా ఆలోచించి, ఇంకా మడ్డి అడుక్కి దిగి తేరని నూనె అడిగిన మనిషిని రెండ్రోజులాగి రమ్మని పంపించాడు. వాడు చేసింది సరైన పని. పాత కస్టమర్‌ను పంపించేశావని అందరి ముందూ వాణ్ణి అరిచాను. ఆ రోజు నుంచి వాడు కూడా నన్నడగకుండా ఏదీ చేయడం లేదు.

ఇంకో లోపం కూడా ఉంది. ఆర్డర్ వద్దనడం నాకు చేతకాదు. లీటరు నూనెకు దాదాపు రెండున్నర కిలోల విత్తనాలు పడతాయి. మా గానుగ రోజంతా తిరిగినా 35 లీటర్లు దాటదు, ఆరు రోజులకు 210. పండగ వారానికి నేను ఒప్పుకున్నది 300. పండగపూట లేదంటే మీరేమనుకుంటారో అని టెన్షన్. ఇక మిగిలింది ఎండబోసే రోజులు తగ్గించడం, నూనె తేరే రోజులు తగ్గించడం. రెండూ చేశాను.

ఇప్పుడు వారానికి 180 లీటర్లకే ఆర్డర్ తీసుకుంటున్నాం. సంక్రాంతికి కావాల్సినవాళ్లు ముందే చెప్పండి, నిండిపోతే లేదనే చెప్తాను. తేమ చూసే మీటరు కొన్నాం. 8 శాతం దాటితే ఆ విత్తనం ఎండకే పోవాలి. సరుకు గది తాళం అక్క దగ్గర ఉంది. ఆమె వద్దన్న మూట గానుగలో పడదు, నేను చెప్పినా పడదు. పోయిన వారం రెండు మూటలు ఆమె ఆపింది. మీటరులో ఒకటి బాగానే ఉన్నట్టు చూపించింది, నాకూ బాగానే అనిపించింది. నోటి దాకా వచ్చిన మాట ఆపుకోవడం కష్టమైంది. రెండూ ఎండలో పోశాం.

గురువారాలు నేను షాపుకు రావడం మానేశాను. ఆ రోజు మీరు వస్తే నాకు ఫోన్ చేయకండి. అక్కను అడగండి, నూనె ఇవ్వాలో ఆగమనాలో ఆమే చెప్తుంది.