సమీక్ష రాసే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

సమీక్షకి సైన్సు పుస్తకం ఎలా ఎంచుకోవాలని అడిగావు కదా. వెనక అట్ట మీది పొగడ్తలు వదిలేసి, లోపల మొదటి ముద్రణ ఏ సంవత్సరమో చూడు. పునర్ముద్రణ తేదీ చూసి కొత్తదనుకోకు. ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేసింది 2006లో. అంతకు ముందుదైతే ప్లూటో తొమ్మిదో గ్రహంగా ఉన్నా తప్పు కాదు, తర్వాత రాసిందైతే అనుమానించు. ఆపైన నీకు బాగా తెలిసిన విషయం మీద ఐదారు పేజీలు షాపులోనే నిలబడి చదివెయ్యి. నాలుక కొసన తీపి, వెనక చేదు అని పటం వేసి ఉందా, మెదడులో పది శాతమే వాడతామని ఉందా, పుస్తకం అక్కడే పెట్టేసి వచ్చెయ్యి. రెండూ తప్పే, ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసిన సరుకు అది.

మన అరసవల్లి సూర్యదేవాలయాన్నే తీసుకో. మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. అద్భుతం అని ఊరుకునే పుస్తకం నీకేమీ నేర్పదు. మంచి పుస్తకం ఆ తేదీలే ఎందుకని అడుగుతుంది. సూర్యుడు దక్షిణపు కొసకి చేరేది డిసెంబరు 21 ప్రాంతంలో. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు, అక్కణ్ణుంచి మార్చి 10కి 79. అంటే సూర్యుడు దక్షిణానికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. క్యాలెండరు తీసి నువ్వే లెక్కపెట్టుకోవచ్చు. (కట్టినవాళ్ల గొప్ప దీనివల్ల పెరిగేదే గాని తరిగేది కాదు.)

శాతాల దగ్గర మరీ జాగ్రత్త. ప్రాసెస్ చేసిన మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో చెప్పింది. వందలో 18 మందికి వస్తుందని కాదు. ముందు వందలో 5 మందికి వచ్చేదనుకో, అది సుమారు 6 అవుతుంది. దేని మీద 18 శాతమో చెప్పని రచయితని సమీక్షలో నిలదియ్యి.

ఉద్దానం కిడ్నీ జబ్బు ప్రస్తావన ఉంటే ముందు అదే చదువు. నీళ్లలో సిలికా, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగుమందులు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి గాని ఫలానాదే కారణమని తేలలేదు. ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పేసినవాణ్ణి మిగతా అధ్యాయాల్లోనూ నమ్మలేం.

చదివేటప్పుడు నోటుబుక్కులో ఎడమ పేజీలో రచయిత మాట, పేజీ నంబరుతో రాసుకో. కుడి పేజీలో దానికి ఆధారం ఏమిటో రాయి: ప్రయోగమా, పరిశీలనా, వట్టి అభిప్రాయమా? కుడివైపు ఖాళీగా మిగిలినవే నీ సమీక్షకి సరుకు. వాటిలో రెండింటికైనా అసలు పరిశోధన పత్రం సారాంశం వెతికి చదువు. ఎలుకల మీద చేశారా, మనుషుల మీదా, ఎంతమంది మీద? మనుషులకి పనిచేసిందని పుస్తకంలో ఉన్నది పత్రంలో ఎలుకల దగ్గరే ఆగిపోవచ్చు.

పుస్తకంలో ఏముందో చెప్పడానికి నాలుగో వంతు మించి చోటివ్వకు. చాలామంది కథంతా చెప్పేసి, చివర "అందరూ చదవాలి" అని ముగించేస్తారు. రచయితతో విభేదిస్తే అతని బలమైన వాదన మీదే విభేదించు, అచ్చుతప్పుల మీద కాదు.

రాశాక నాకు పంపు. పేజీ నంబర్లు లేకపోతే తిప్పి పంపేస్తాను.

మీ నాన్న