మా అమ్మ ఇచ్చిన కిడ్నీకి ఏడాదికొక్క రక్తపరీక్ష ఇప్పించండి

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడూ సోమవారం అర్జీలుగా ఇచ్చాను. రెండింటికి ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని మెసేజ్ వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. తమ్ముడికి ముప్ఫై ఏళ్లు నిండకుండానే డయాలసిస్ పడింది. అమ్మ తన కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకమే పెట్టుకుంది, ఆ మేలు మా ఇంటిల్లిపాదీ మరిచిపోము. నా బాధంతా ఆ తరువాతి సంగతి.

ఆపరేషన్ తరువాత నాలుగేళ్లు క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.2 దగ్గరే ఉంది. రిపోర్టు వచ్చినప్పుడల్లా అమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టేది. పోయిన సంక్రాంతి ముందు 1.9 వచ్చింది. మూడు వారాలకి 2.6. బయాప్సీ చేసి, పరాయివాటితో పోరాడటానికి తమ్ముడి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే కిడ్నీని దెబ్బతీస్తున్నాయన్నారు. ‘ఇవి నిన్నమొన్న పుట్టినవి కావమ్మా, క్రియాటినిన్ పెరిగేసరికే లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది’ అన్నారు డాక్టరుగారు. ముందే తెలిసే దారి లేదా అంటే, ‘ఉంది, రక్తంలో డీఎస్‌ఏ, అంటే కిడ్నీ ఇచ్చినవాళ్ల కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు, ఉన్నాయేమో చూడాలి’ అన్నారు. మరి నాలుగేళ్లూ ఎందుకు చూడలేదు సార్? కౌంటర్లో అడిగితే పథకం ప్యాకేజీలో లేదు, బయట చేయించుకోండి అని చీటీ చేతిలో పెట్టారు.

ఎర్రమూత ట్యూబులో ఐదు మిల్లీలీటర్ల రక్తం. ఐసు పెట్టిన థర్మకోల్ డబ్బాని ఒళ్లో పెట్టుకుని బస్సులో విశాఖ వెళ్లాను. పలాసలో జీడిపప్పు ఒలిచి అమ్మ సంపాదించిన రెండు నెలల కూలి ఆ ఒక్క పరీక్షకే అయిపోయింది. ఆ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే ఎంఎఫ్‌ఐ 9,400 అని వచ్చింది. ఆ అంకె ఎంత పెద్దదో డాక్టరుగారి మొహం చూశాకే నాకు అర్థమైంది.

అమ్మ కిడ్నీ కొడుకు ఒంటికి పరాయిదెలా అవుతుందని ఊళ్లో అందరూ అడిగారు. నేనూ అదే అడిగాను. ఏది తనదో ఏది పరాయిదో ఒళ్లు పోల్చుకునే హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్లో బిడ్డకి తల్లి నుంచి వచ్చేది సగమేనట. అమ్మలోని రెండో సగం తమ్ముడి ఒంటికి కొత్తే. పైగా డయాలసిస్ రోజుల్లో వాడికి ఆరుసార్లు రక్తం ఎక్కించారు. ఎక్కించిన రక్తం వల్లా, కాన్పుల వల్లా, ఇదివరకటి మార్పిడి వల్లా యాంటీబాడీలు పుడతాయి. పెట్టిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా రోజూ వేసుకోవాల్సిన టాక్రోలిమస్ మాత్ర ఆగినా పుడతాయి. స్టాకు లేదని మాకు పదకొండు రోజులు మాత్రలివ్వలేదు, ఆ అర్జీ కూడా మీ దగ్గరే ఉంది.

ఇచ్చేవాళ్ల కణాలతో పుచ్చుకునేవాళ్ల రక్తాన్ని ఆపరేషన్‌కి ముందు కలిపి చూసే పరీక్ష క్రాస్‌మ్యాచ్. అది పాజిటివ్ వచ్చినా కిడ్నీ పెట్టిన 30 మందిలో 24 మందికి ఆ కిడ్నీ వెంటనే పోయిందని 1969లోనే అమెరికాలో టెరసాకి, పటేల్ చూపించారు. అందుకే ఇవాళ క్రాస్‌మ్యాచ్ లేకుండా ఎవరూ ఆపరేషన్‌కి ఒప్పుకోరు. ముందున్న ఆ జాగ్రత్త తరువాత ఎందుకు లేదు? 2012లో కెనడా డాక్టర్లు 315 మంది సంగతి రాశారు. మార్పిడి తరువాత ఈ యాంటీబాడీలు కొత్తగా పుట్టినవాళ్లు 15 శాతం. సగటున నాలుగున్నరేళ్లకి బయటపడ్డాయి. పదేళ్లు దాటేసరికి, అవి పుట్టనివాళ్లలో 96 శాతం మందికి కిడ్నీ పనిచేస్తుంటే, పుట్టినవాళ్లలో 57 శాతం మందికే పనిచేసింది. మా తమ్ముడి నాలుగేళ్లు సరిగ్గా ఆ గడువులోనే ఉన్నాయి సార్. యాంటీబాడీ కనిపించిన ప్రతివాళ్ల కిడ్నీ పోదు, నాకు తెలుసు. కానీ ముందే కనిపిస్తే మాత్రల మోతాదు సరిచూసేవారు, మధ్యలో ఆపారేమో అడిగేవారు. ఇప్పుడు ఆ యాంటీబాడీలు తీసేయడానికి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) మార్చాలంటున్నారు, నరంలోకి ఎక్కించే ఐవీఐజీ మందు అంటున్నారు. ఆ ఖర్చులో ఎన్ని పరీక్షలు చేయించొచ్చో మీ అధికారులనే లెక్క కట్టమనండి.

‘ఏటమ్మా, నానిచ్చింది పనికిరాకుండా పోతాదా?’ అని అమ్మ రోజూ అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

కిడ్నీ మార్పిడి అయిన ప్రతి ఒక్కరికీ ఏడాదికొకసారైనా డీఎస్‌ఏ పరీక్షని ప్యాకేజీలో చేర్చండి. మందులు ఆగినప్పుడల్లా చేయించండి. అసలు మందులు ఆగకుండా చూడండి. రక్తం డబ్బా పట్టుకుని మేం బస్సులెక్కకుండా, సర్కారు ఆసుపత్రి నుంచే శాంపిల్ వెళ్లేలా చేయండి.

తమ్ముడి క్రియాటినిన్ ఇప్పుడు 3.1. వాడికి ఆలస్యమైపోయింది. మా వీధిలోనే మార్పిడి చేయించుకున్నవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ల క్రియాటినిన్ ఇప్పటికీ 1.3 లోపే ఉంది. వాళ్లకి ఈ నెలలోనే ఆ పరీక్ష చేయించండి సార్, మీకు దండం పెడతాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక అక్క