నీ బాలాక్లావా సంగతి

హన్మకొండ

ఒరేయ్ శీనూ,

ఎట్లా ఉన్నావురా? ఆదిలాబాద్‌లో చలి చంపేస్తోందని ఫోన్లో మొత్తుకున్నావు. ఇక్కడా తక్కువేం లేదు, పాలవాడు బెల్లు కొట్టేదాకా ఇంట్లో ఎవరూ దుప్పట్లోంచి లేవడం లేదు.

బండి మీద పోవడానికి బాలాక్లావా అని ఆర్డర్ పెడితే మంకీ క్యాప్ లాంటిది వచ్చిందని తిట్టుకున్నావు కదా. నీకెవరూ టోపీ పెట్టలేదులే! రెండూ ఒకే జాతి. నీది పల్చటి గుడ్డతో కుట్టింది, మనది ఊలుతో అల్లింది, అంతే.

బాలాక్లావా అనేది ఊరి పేరు. క్రిమియాలో సెవస్తోపోల్ పక్కన చిన్న రేవు. 1854 అక్టోబరు 25న అక్కడ రష్యాకూ, ఇంగ్లిషు, ఫ్రెంచి, తుర్కీ సేనలకూ యుద్ధమైంది. ఇంగ్లిషు సిపాయిలు సరైన చలిబట్టలు లేకుండానే అక్కడ ఇరుక్కుపోయారు. నవంబరు 14న తుఫానొచ్చి, ఆ బట్టలు మోసుకొచ్చిన ప్రిన్స్ అనే ఓడ రేవు బయటే మునిగిపోయింది. కర్మ చూడు, గుమ్మందాకా వచ్చినవి సముద్రం పాలు! వాళ్ల అవస్థ పేపర్లలో చదివి ఇంగ్లండులో ఆడవాళ్లు ఊలు టోపీలు, మఫ్లర్లు అల్లి పంపారు. అయితే టోపీకి ఆ ఊరి పేరు అప్పుడే పడలేదు, పాతికేళ్ల తర్వాత గానీ అచ్చులో కనబడదు.

ఇంకో తమాషా. అక్కడ గుర్రపు దళాన్ని ఫిరంగుల మీదికి నడిపిన దొర కార్డిగన్, పై సేనాని రాగ్లాన్. గుండీల స్వెటరుకు ఒకరి పేరు, మెడ నుంచి ఏటవాలుగా కుట్టే చేతులకు ఇంకొకరిది. చచ్చింది సిపాయిలు, పేరు దొరలకు.

శ్రీనాథుడు విజయనగరం పోయి, కుళ్లాయి పెట్టుకున్నా దయ రాలేదా అని కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్న చాటువు గుర్తుందా? ఆ కుళ్లాయి అంటే టోపీయే, పారసీ కులాహ్ నుంచి వచ్చిన మాట. పద్యం కన్నా, అది చెప్పిన తెలుగు సారు చెవులదాకా చుట్టుకున్న మఫ్లరే నాకు బాగా గుర్తు.

మంకీ క్యాప్ అని ఎందుకన్నారో మా నాన్నను చూస్తే చాలు. దీపావళి పోగానే కలరా ఉండల వాసనతో బీరువాలోంచి తీస్తాడు. నెత్తిన కుచ్చు, గడ్డం కిందిదాకా ఊలు, మధ్యలో కళ్లజోడు, ముక్కు. ఫోన్ మోగితే ఒక చెవి మీది అంచు పైకెత్తి హలో అంటాడు, మాటయ్యాక దింపుతాడు. మనవడు హనుమంతు తాతా అని పిలిచినా తీయడు.

దానికిప్పుడు గడ్డం దగ్గర అల్లిక విడిపోయింది. మీ బస్టాండు దగ్గర స్వెటర్లు అమ్మేవాళ్లు కూర్చుంటారన్నావుగా, ముదురు నీలంలో ఒకటి పట్టుకురా. నీలాంటి సాగే గుడ్డది వద్దు, ఆయన ముట్టడు. సంక్రాంతికి వచ్చినప్పుడు డబ్బులిస్తా. అమ్మ సకినాలు చుడుతుంది, పిల్లల్ని కూడా తీసుకురా.

నీ
రాజు