డిజిటల్ ఫోరెన్సిక్స్ డిగ్రీ అడుగుతున్నవాళ్లకి

అందరికీ నమస్కారం. ఇంటర్ అయిన పిల్లల్ని డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో (కంప్యూటర్లు, ఫోన్లలో నేరాల సాక్ష్యాలు వెతికే చదువులో) చేర్చాలా అని చాలామంది అడుగుతున్నారు. బ్రోషర్‌లో కోర్సు పేరు చూసి ఫీజు కట్టేయకండి, ముందు ల్యాబ్ చూపించమనండి. రైట్ బ్లాకర్లు (డిస్క్‌ని చదివేటప్పుడు అందులో ఏమీ మారకుండా అడ్డుకునే పరికరాలు) ఉన్నాయా? పిల్లలు సొంతంగా హార్డ్ డిస్క్ ఇమేజ్ (అచ్చం అలాంటి నకలు) తీసి, రెండింటి హ్యాష్ (డేటా మొత్తం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) సరిపోయిందో లేదో చూస్తారా? డిస్క్‌లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు కోర్టుకి ఇచ్చే సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ విలువ రాయాలి. అందుకే సాక్ష్య చట్టం చెప్పని కోర్సు నా లెక్కలో సగం కోర్సే.

ఇంటర్ కాగానే తొందరపడక్కర్లేదు. బీటెక్ సీఎస్ఈ గానీ బీఎస్సీ కంప్యూటర్స్ గానీ చేసి, పీజీలో ఇటు రావచ్చు. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ గట్టిగా రాకపోతే మాత్రం ఇక్కడ పప్పులుడకవు.

"నూరు శాతం ప్లేస్‌మెంట్" అన్నవాళ్లని, పోయినేడాది పిల్లలు ఏ పనిలో చేరారో అడిగి చూడండి (మాట మార్చేస్తారు లెండి).

డిస్క్‌ల్లో సాక్ష్యాలు వెతికే ఆటాప్సీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. పాత పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసిన ఫొటోలు దాంతో వెతకమనండి. పిల్లలకి ఆ పని నచ్చితే నాకు ఫోన్ చేయండి, కాలేజీల సంగతి మాట్లాడుకుందాం.