ఎత్తు పెంచిన జీపుల విషయమై సభ్యులకు మనవి

సభ్యులకు నమస్కారం. మందస నుంచి మహేంద్రగిరి వైపు మట్టిదారుల్లో తిరగడానికి జీపుల ఎత్తు పెంచుకుంటున్నవారు స్ప్రింగులు మార్చగానే పని పూర్తయిందనుకోవద్దు. బండి 2 అంగుళాలు లేచినా ఇంజను శక్తిని చక్రాల వైపు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరిగి, దాని చివర్లలో మడత కీళ్లలా ఉండే యూనివర్సల్ జాయింట్లు త్వరగా అరుగుతాయి. బ్రేకు హోసు (చక్రానికి బ్రేకు ద్రవం అందించే రబ్బరు గొట్టం) సంగతి మరీ ముఖ్యం: ఛాసిస్‌కు జాకీ పెట్టి ఎత్తి, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు హోసు బిగుసుకుంటున్నట్టు కనిపిస్తే, వెంటనే పొడవైనది వేయించాలి. నేను అది చూసుకోకపోవడం వల్ల ఒక గెడ్డ (వాగు) దాటుతుండగా హోసు తెగి, పెడల్ నేలకంటింది. గట్టు అడ్డం రావడం నా అదృష్టం. నీళ్లలో దిగేవారు యాక్సిల్ లోపలికి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టాన్ని పైకి తీయించుకోవాలి, లేకుంటే వేడెక్కిన యాక్సిల్ హౌసింగు (పైతొడుగు) చల్లబడుతూ నీటిని లోపలికి లాగుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ మార్పులకు పరిమితులు పెట్టింది కనుక, పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోగలరు.