ఆయాసం రావాలంటే ఎగరక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఈ మధ్య హిట్ వ్యాయామాల (కాసేపు చాలా గట్టిగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి చేసేవి) మీద వచ్చిన వ్యాసం చదివాను. విషయం బాగానే చెప్పారు, కానీ పక్కన వేసిన ఆరు బొమ్మలూ ఎగిరేవో దూకేవో. బర్పీ (నేలకు వంగి కాళ్లు వెనక్కి చాపి, మళ్లీ లేచి ఎగరడం), జంపింగ్ జాక్, స్క్వాట్ జంప్, ఇలా. నాలాగా వెయిట్స్ చేస్తూ, ఒంట్లో ఎక్కడో ఒకచోట తేడా ఉన్నవాళ్లు ఆ పేజీ చూసి ఇది మనకు కాదులే అని వదిలేస్తారు, లేదంటే మొండిగా చేసి దెబ్బ తగిలించుకుంటారు. నేను రెండో పని చేశాను కాబట్టే ఈ ఉత్తరం.

నా ఎడమ మోకాలిలో మెనిస్కస్, అంటే ఎముకల మధ్య మెత్తలా ఉండేది, చిరిగింది. ఆపరేషన్, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి, మళ్లీ బరువులు ఎత్తుతున్నాను. స్క్వాట్‌లో (బరువుతో గుంజీలా కూర్చుని లేవడం) వెనకున్న పెట్టె ఎత్తు వరకే దిగుతాను, నేల మీది బరువు లేపే డెడ్‌లిఫ్ట్‌కి ఇబ్బంది లేదు. కుదరనిది ఒక్కటే, నేల మీద ధబ్‌మని దిగడం. అప్పట్లో మా జిమ్ ట్రైనర్ "వంద కిలోలు లేపుతున్నావు, పది బర్పీలు చేయలేవా" అన్నాడు. నాకూ నిజమే కదా అనిపించి చేశాను. పది కాదు, పది చొప్పున ఐదు సార్లు. మర్నాడు పొద్దున లేచేసరికి మోకాలి చిప్ప కనపడనంత వాపు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగాను. తర్వాత మూడు వారాలు కాళ్ల వ్యాయామమే లేదు.

ఆ మాటలో తప్పేమిటో నాకు తర్వాత అర్థమైంది, ఇంకా చాలామంది ట్రైనర్లు అదే మాట అంటున్నారు కాబట్టి వివరంగా చెబుతాను. బరువు ఎత్తేటప్పుడు కీలు మీద ఎంత భారం పడాలో, ఎంత నెమ్మదిగా పడాలో, ఎంత లోతు వరకు వంగాలో మన చేతిలో ఉంటుంది. పరుగులో అలా కాదు, ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ నేల నుంచి తిరిగి తగులుతుంది, అదీ కన్నుమూసి తెరిచేలోపు. ఎగిరి దిగితే ఇంకా ఎక్కువ. పైగా హిట్‌లో ఆ దెబ్బ తగిలేది అలిసిపోయిన కాళ్లకు, మోకాలు లోపలికి వాలిపోతున్నా గమనించుకోలేని స్థితిలో. అందుకే వంద కిలోల స్క్వాట్ చేసే మోకాలికి కూడా ఇరవయ్యో బర్పీ పడకపోవచ్చు. దానికీ బలానికీ ముడిపెట్టకూడదు.

అసలు హిట్‌కి ఎగరడంతో సంబంధమే లేదు. అందరూ చెప్పే టబాటా పద్ధతి 1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం ప్రచురించిన ప్రయోగం నుంచి వచ్చింది. 20 సెకన్లు పూర్తి శక్తితో, 10 సెకన్లు విశ్రాంతి, ఇలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల్లో అందులో పాల్గొన్నవాళ్ల ఆక్సిజన్ వాడే సామర్థ్యమూ పెరిగింది, ఆక్సిజన్ అందనప్పుడు కండరం పనిచేసే సామర్థ్యం 28 శాతం పెరిగింది. ఆ ప్రయోగంలో ఎవరూ ఎగరలేదు, అందరూ జిమ్ సైకిల్ లాంటి యంత్రం మీద కూర్చునే తొక్కారు! 2007లో నార్వే పరిశోధకులు గుండె వైఫల్యం ఉన్న పెద్దవాళ్ల చేత, సగటు వయసు 75, వాలు పెంచిన ట్రెడ్‌మిల్ మీద నాలుగేసి నిమిషాల ఇంటర్వెల్స్, అంటే గట్టిగా చేసే విడతలు, నాలుగు చేయించారు. అదీ నడకే. గుండె, ఊపిరితిత్తులు, పెద్ద కండరాలు గట్టిగా పనిచేయడమే ఇంటెన్సిటీ, ఏ కదలికతో పనిచేయించామన్నది గుండెకు అనవసరం.

ఇప్పుడు నేను చేసేది ఎయిర్ బైక్ మీద. ముందు ఫ్యాన్ ఉంటుంది, చేతులతో తోసే హ్యాండిళ్లు ఉంటాయి, ఎంత గట్టిగా తోస్తే గాలి అంత ఎదురొస్తుంది, కాబట్టి మీటలు తిప్పే పని లేదు. మోకాలు బాగాలేని రోజు ఎడమ పాదాన్ని పక్కనున్న పెగ్ (పాదం ఆనించే కడ్డీ) మీద పెట్టేసి, కుడికాలూ రెండు చేతులతోనే లాగిస్తాను. 20 సెకన్లు గట్టిగా, 100 సెకన్లు మెల్లగా, ఆరు రౌండ్లు. మొదటి రెండూ ఇంతేనా అనిపిస్తాయి. నాలుగో రౌండ్‌లో ఫ్యాన్ హోరు తప్ప ఇంకేమీ వినపడదు, ముంజేతులు బిగుసుకుపోతాయి, స్క్రీన్ మీద సెకన్ల అంకె 14, 15 దగ్గర కదలనట్టే ఉంటుంది. ఆరోది అయ్యాక ఒక్కసారిగా దిగను, మూడు నాలుగు నిమిషాలు ఊరికే తిప్పుతాను. లేకపోతే రక్తం కాళ్లలోనే నిలిచి తల తిరుగుతుంది. టబాటా 10 సెకన్ల విశ్రాంతి నేను వాడను, అంత తక్కువ విశ్రాంతిలో నడుము అదుపు తప్పుతోంది.

వెయిట్స్ చేసేవాళ్ల ఇంకో భయం, కార్డియో చేస్తే బలం పోతుందని. 1980లో హిక్సన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగంలో రెండూ కలిపి చేసినవాళ్ల బలం చివరి వారాల్లో తగ్గిన మాట నిజమే, కానీ వాళ్లు వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు పరుగు, సైకిల్ చేశారు. వారానికి రెండు సార్లు, ఒక్కోటి పావుగంట, అదీ కాళ్ల వ్యాయామానికి దూరంగా పెట్టుకుంటే టెన్షన్ పడక్కర్లేదు. నా డెడ్‌లిఫ్ట్ తగ్గలేదు, పైగా సెట్‌కీ సెట్‌కీ మధ్య రొప్పడం తగ్గింది.

నడుము నొప్పి ఉన్నవాళ్లకు పడవ తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ మెషీన్ నేను చెప్పను, అలిసేకొద్దీ నడుము గుండ్రంగా వంగిపోతుంది. వాళ్లకు స్లెడ్, అంటే బరువులు పెట్టి నేల మీద తోసే చట్రం, తోయడం మేలు. అందులో బరువును మెల్లగా దించే దశ ఉండదు కాబట్టి మర్నాడు ఒళ్లు నొప్పులూ తక్కువ. భుజం బాగాలేకపోతే మామూలు జిమ్ సైకిల్ చాలు.

మా జిమ్‌కి వీల్‌చైర్‌లో వచ్చే ఒకాయన ఉన్నారు. చక్రాల బ్రేకులు వేసి, వెనక రెండు పెద్ద ప్లేట్లు అడ్డం పెట్టుకుని బ్యాటిల్ రోప్స్ (చేతులతో ఊపే లావుపాటి తాళ్లు) కొడతారు. మొదటిసారి చూసినప్పుడు నేను నా సెట్ ఆపేసి చూస్తూ ఉండిపోయాను. గుండె వేగం చార్టులు తనకు పనికిరావని ఆయనే చెప్పారు. వెన్నుపాము ఛాతీ భాగంలో ఆరో స్థాయికి పైన దెబ్బతింటే ఎంత కష్టపడ్డా గుండె వేగం 120, 130 దగ్గరే ఆగిపోవచ్చు. అలాంటివాళ్లకు ఉన్నట్టుండి బీపీ పెరిగి తలనొప్పి, చెమటలు వస్తే వెంటనే ఆపాల్సిందే. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు కూడా వాచీలో అంకె నమ్మదగినది కాదు. వీళ్లందరికీ పదికి ఎంత కష్టంగా ఉందో తామే చెప్పుకునే కొలత నయం. రెండు మూడు మాటలకు మించి పలకలేకపోతే ఎనిమిది దగ్గర ఉన్నట్టు. చేతులతోనే చేసేవాళ్లకు ఇంకో మాట, అదే పనికి కాళ్లకంటే చేతులతో బీపీ ఎక్కువ పెరుగుతుంది, బీపీ ఉంటే డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. మొదటి రోజే శక్తికి మించి చేయకూడదని కూడా రాయండి. కండరం కరిగి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి.

నొప్పికి నా లెక్క ఫిజియో నేర్పినదే. చేసేటప్పుడు పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దునకల్లా మామూలైపోవాలి. నేను లేవగానే మెట్లు దిగి చూసుకుంటాను. ఎడమకాలు కుడికాలులాగే దిగితే సరి, లేదంటే తర్వాతి సారి రెండు రౌండ్లు తగ్గిస్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన వ్యాయామ సూచనల్లో వైకల్యం ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చోటిచ్చింది. మీ పేజీలోనూ ఇవ్వండి. వచ్చేసారి ఆరు బొమ్మల్లో రెండైనా కూర్చుని చేసే మనిషివి వేయించండి, ఒకటి వీల్‌చైర్‌లో ఉన్నా మంచిదే. కింద ఎన్ని సెకన్లు చేయాలో, ఎంతసేపు ఆగాలో, ఏ లక్షణం కనపడితే మానేయాలో రాస్తే మాలాంటివాళ్లం కత్తిరించి జిమ్ బ్యాగ్‌లో పెట్టుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు