వాల్వు కిట్లు ఎందుకు ఆగాయి, ఏం మారి వస్తున్నాయి

నమస్కారం.

పాతకాలపు గాజు వాల్వులతో (వ్యాక్యూమ్ ట్యూబులతో) ఇంట్లో మీరే కట్టుకునే మా రేడియో కిట్ బుక్ చేసి ఎదురుచూస్తున్న వాళ్ళకీ, "ఇంకెప్పుడండీ?" అని మర్యాదగా అడుగుతున్న వాళ్ళకీ, మర్యాద పక్కన పెట్టి అడుగుతున్న వాళ్ళకీ కలిపి రాస్తున్నాను. రెండు వాల్వుల రిసీవర్ కొత్త బ్యాచ్ సిద్ధమవుతోంది. ట్రాన్స్‌మిటర్ కిట్ ఇప్పుడున్న రూపంలో ఇక రాదు. మార్చి ఇస్తాం, దానికి ఇంకొంత కాలం పడుతుంది. పవర్ సప్లైని ఇకమీదట విడిభాగాలుగా అమ్మం. మేమే కట్టి, పరీక్షించి పంపుతాం. కాబట్టి ధర కొంత పెరుగుతుంది. చేదు కబురంతా ఇదే. కారణాలు తెలుసుకోవాలనుకుంటే కింద చదవండి.

ముందు వాల్వుల సంగతి. స్లొవేకియా, రష్యా, చైనాల్లో వాల్వులు చేసే ఫ్యాక్టరీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. కానీ వాటికి గిరాకీ అంతా గిటార్ ఆంప్లిఫయర్ల నుంచీ, ఖరీదైన ఆడియో సెట్ల నుంచీ వస్తుంది. అందుకే ఆడియో పనికి వాడే 12ఏఎక్స్7 వాల్వు కావాలంటే కొత్తది దొరుకుతుంది. మా రిసీవర్‌లో యాంటెనా పక్కనే కూర్చునే 6బీఏ6 లాంటి రేడియో వాల్వులకు మాత్రం దశాబ్దాల నాడు తయారై డబ్బాల్లో మిగిలిపోయిన సరుకే గతి. అందులో మంచిదీ చెడ్డదీ కలిసే ఉంటాయి.

ఈసారి వచ్చిన లాట్‌తో పేచీ అక్కడే మొదలైంది. అమ్మినవాళ్ళు ప్రతి వాల్వునూ టెస్టర్‌లో పెట్టి, బాగుందని డబ్బా మీద రాసి మరీ పంపారు. రాసింది అబద్ధమేమీ కాదు. మామూలు టెస్టర్ చూసేది ఎమిషన్ ఒక్కటే, అంటే కాథోడ్ వేడెక్కాక తగినన్ని ఎలక్ట్రాన్లు వస్తున్నాయా లేదా అని. అందులో నెగ్గిన వాల్వే 7 మెగాహెర్ట్జ్ దగ్గర పనిలోకి దిగాక బుసలు కొట్టవచ్చు, వేడెక్కే కొద్దీ ఫ్రీక్వెన్సీని లాక్కుపోవచ్చు.

మా బల్ల మీద ఏరివేత ఇలా సాగుతుంది. వాల్వు తలలో వెండిలా మెరిసే మచ్చ ఉంటుంది చూడండి, అది గెట్టర్. లోపల మిగిలిన వాయువులను పీల్చుకోవడానికి వేసిన బేరియం పూత. అది తెల్లగా పాలిపోయిందంటే గాలి చొరబడినట్టే. దానికి కరెంటు ఇచ్చి చూడటం కూడా దండగ. మిగతావాటిని పనిచేస్తున్న రిసీవర్‌లోనే పెట్టి, బాగా వేడెక్కనిచ్చి, పెన్సిల్ చివరి రబ్బరుతో గాజు మీద మెల్లగా తడతాం. హెడ్‌ఫోన్‌లో చిన్నగా టక్కుమని ఆగిపోతే సరే. గుడి గంటలా ఖంగుమని సాగితే లోపల ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేసే గ్రిడ్ తీగ వదులైందని అర్థం. అది డిటెక్టర్‌గా, అంటే సిగ్నల్లోంచి శబ్దాన్ని బయటికి తీసే వాల్వుగా పనికిరాదు, ఇంకెక్కడైనా సర్దుకుంటుందేమో చూస్తాం. లాట్‌లో చాలా భాగం ఇక్కడే ఆగిపోయింది.

"రేడియో పలికితే చాలు, అంత చాదస్తం ఎందుకు?" అని ఒకాయన అడిగారు. మన కిట్ లాంటి రీజెనరేటివ్ రిసీవర్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ ప్రశ్న రాదు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1914లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. వాల్వు పెంచిన సిగ్నల్లో కొంత భాగాన్ని టిక్లర్ కాయిల్ అనే తీగచుట్ట ద్వారా మళ్ళీ అదే వాల్వు గ్రిడ్‌కు తిప్పి ఇస్తాం. ఆ సిగ్నల్ తిరిగి తిరిగి పెరుగుతుంది. నాబ్ తిప్పుకుంటూ పోతే వాల్వు తనంతట తాను ఊగడం మొదలుపెట్టే అంచు ఒకటి వస్తుంది. మామూలు ఏఎం ప్రసారం వినాలంటే ఆ అంచుకు ఇవతల, మోర్స్ గానీ ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు మాట్లాడుకునే పద్ధతి) గానీ వినాలంటే కొంచెం అవతల నిలబడాలి. నాలుగైదు దశలున్న సెట్టులో ఒక వాల్వు నీరసిస్తే పక్కవి కొంత కాస్తాయి. మన సెట్టులో పక్కన ఎవరున్నారు? మొత్తం పనంతా ఒక్క డిటెక్టర్ నెత్తిన ఉంది. అది సణిగితే మీరు వినేది ఆ సణుగుడే.

అందుకని రిసీవర్‌ను 12 వోల్టుల వాల్వులకు మార్చాం. 6బీఏ6 బదులు 12బీఏ6. లోపలి నిర్మాణం అదే, హీటర్ ఒక్కటే తేడా: 6.3 వోల్టులు 0.3 ఆంపియర్ల చోట 12.6 వోల్టులు 0.15 ఆంపియర్లు. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, హీటర్లన్నీ వరుసగా కలిపి నేరుగా మెయిన్స్‌కు తగిలించే చవక సెట్ల కోసం ఈ రకాన్ని కుప్పలు తెప్పలుగా చేశారు. కాబట్టి మిగిలిన సరుకూ ఎక్కువే, ఏరుకునే వీలూ ఎక్కువే. (ఆ సెట్లలో చాసిస్‌కే, అంటే లోహపు చట్రానికే మెయిన్స్ తగిలే ప్రమాదం ఉండేది. మేం వాల్వును మాత్రమే తీసుకున్నాం, ఆ పద్ధతిని కాదు.) డిటెక్టరూ ఆడియో దశా కలిపి ఒకే గాజులో ఉండే 12ఏటీ7కూ 12.6 వోల్టుల మీద 0.15 ఆంపియరే చాలు. రెండింటి హీటర్లకూ కలిపి నాలుగు వాట్లు కూడా కాదు.

12 వోల్టుల అడాప్టర్‌తో హీటర్లు వెలిగించుకోవచ్చా అని అప్పుడే కొందరు అడిగారు. వోల్టేజీ పరంగా ఇబ్బంది లేదు, హీటర్లు అయిదు శాతం లోటును ఓర్చుకుంటాయి. కానీ ఇవాళ దొరికే అడాప్టర్లన్నీ దాదాపు స్విచ్చింగ్ రకం. వాటి రొదను ఈ రిసీవర్ నమ్మకంగా వినిపిస్తుంది. ఆ తర్వాత వాల్వులు బాగోలేదని మాకు రాయకండి.

హెడ్‌ఫోన్ల గురించి ఒక మాట. పాత డిజైన్‌లో 2000 ఓమ్‌ల హెడ్‌ఫోన్ నేరుగా వాల్వు ప్లేట్ సర్క్యూట్‌లో, అంటే హై వోల్టేజీ ఉండే వైపు ఉండేది. ఇప్పటి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అక్కడ పెడితే శబ్దం వినబడదు. అంతకంటే ముఖ్యం, చెవులకు తగిలించుకున్న తీగలో హై వోల్టేజీ ఉండటం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. కొత్త కిట్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. రెండు సమస్యలూ దాంతో తీరతాయి.

ఇక ట్రాన్స్‌మిటర్. ఒకే 6ఏక్యూ5 వాల్వు, ఫ్రీక్వెన్సీని నిలబెట్టే ఒక క్వార్ట్జ్ క్రిస్టల్, మోర్స్ కొట్టడానికి ఒక కీ. కాగితం మీద ఇంతకంటే ముచ్చటైన సర్క్యూట్ లేదు. ఆ వాల్వే సిగ్నల్‌ను పుట్టించే ఆసిలేటర్, అదే పవర్ దశ కూడా. సమస్యల్లా క్రిస్టల్‌తోనే. ఇలాంటి సర్క్యూట్లు పుట్టిన కాలంలో ఎఫ్‌టీ-243 హోల్డర్లలో వెడల్పాటి క్వార్ట్జ్ పలకలు ఉండేవి. వాటి గుండా ఎంత కరెంటు తోసినా చాలావరకు తట్టుకునేవి. ఇప్పుడు దొరికే హెచ్‌సీ-49 డబ్బీలో ఉండేది చిన్న పలుచటి బిళ్ళ. 250 వోల్టుల మీద పనిచేసే 6ఏక్యూ5 దాన్ని ఊపేస్తే అది వేడెక్కుతుంది, ఫ్రీక్వెన్సీ జారుతుంది. కీ నొక్కిన ప్రతిసారీ స్వరం "ట్యూయ్" మని వంకర పోతుంది. మోర్స్ వినేవాళ్ళు దాన్ని చిర్ప్ అంటారు. కొంతమందికి ఆ పాతకాలపు గొంతే ముద్దు. కానీ మరీ తోస్తే బిళ్ళ పగులుతుంది, అప్పుడు ముద్దూ ఉండదు, స్వరమూ ఉండదు.

అందుకే పని రెండుగా పంచాం. క్రిస్టల్‌ను 6సీ4 అనే చిన్న ట్రయోడ్ వాల్వుకు అప్పగించాం. దాని సప్లై వోల్టేజీని 0ఏ2 గ్యాస్ ట్యూబు 150 వోల్టుల దగ్గర కదలకుండా పట్టుకుంటుంది, దశకు కావలసినంత అందులోంచి తగ్గించి ఇస్తాం. 6ఏక్యూ5కి ఇక ఆంప్లిఫయర్ పని ఒక్కటే. 6సీ4 హీటర్ తాగేది 0.15 ఆంపియరే, ట్రాన్స్‌ఫార్మర్‌కు భారం కాదు. అవుట్‌పుట్ మునుపటిలాగే కొద్ది వాట్లు. తక్కువ పవర్‌తో మోర్స్ ఆడేవాళ్ళు గీసుకున్న 5 వాట్ల గీతకు లోబడే ఉంటుంది. 40 మీటర్ల బ్యాండులో 7.030 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల అలాంటివాళ్ళు చాలామంది కలుస్తారు. హామ్ లైసెన్సు లేనివాళ్ళు రిసీవర్ కట్టుకుని వినండి, ట్రాన్స్‌మిటర్ జోలికి వెళ్ళకండి.

కీ విషయంలో నన్ను తిట్టేవాళ్ళు ఉంటారని తెలుసు. కాథోడ్‌ను నేరుగా కీతో తెంపే పాత పద్ధతిలో, కీ తెరిచి ఉన్నప్పుడు దాని రెండు కొసల మధ్యా ప్రమాదకరమైన వోల్టేజీ నిలబడవచ్చు. వేళ్ళు పెట్టే చోటు అది. మధ్యలో హై వోల్టేజీ ట్రాన్సిస్టర్ ఒకటి పెట్టాం, కీ దగ్గర ఇప్పుడు కొద్ది వోల్టులే ఉంటాయి. "వాల్వు రేడియోలో ట్రాన్సిస్టరా, అపచారం!" అనేవాళ్ళు దాన్ని పీకేసుకోవచ్చు. నేను మాత్రం అలా పంపను.

పవర్ సప్లైలోనూ అపచారం ఉంది. ఏసీని డీసీగా మార్చే 5వై3 రెక్టిఫయర్ వాల్వు హీటర్ ఒక్కటే 5 వోల్టుల మీద 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు మింగుతుంది. అందుకని 1ఎన్4007 డయోడ్లు పెట్టాం. వీటితో ఒక చిక్కుంది. స్విచ్ వేసిన వెంటనే హై వోల్టేజీ వచ్చేస్తుంది, వాల్వులు ఇంకా వేడెక్కి ఉండవు. వాడుకునేవాళ్ళు లేక 250 వోల్టుల వైండింగ్ కండెన్సర్‌ను 350 దాకా నింపేస్తుంది. అందుకే 450 వోల్టుల కండెన్సర్లు వేశాం. 350 వోల్టుల దగ్గర 47 మైక్రోఫారడ్లలో దాదాపు 2.9 జౌళ్ళ శక్తి దాగి ఉంటుంది. స్విచ్ తీసేసినా అది ఎక్కడికీ పోదు. దాన్ని ఖాళీ చేయడానికి 100 కిలో ఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్ శాశ్వతంగా ఉంటుంది. 4.7 సెకన్ల టైమ్ కాన్‌స్టంట్ (వోల్టేజీ సుమారు మూడో వంతుకు పడే సమయం), పాతిక సెకన్లు ఆగితే మిగిలేది దాదాపు రెండు వోల్టులు. అయినా బ్లీడర్‌ను నమ్మి చేయి పెట్టకండి, మీటరుతో చూసుకోండి. ఈ ఒక్క పెట్టెను మేమే కట్టి ఇస్తామనడం వెనుక ఉన్నదంతా ఇదే. మిగతా సోల్డరింగ్ సరదా అంతా మీదే.

ఇప్పటికే బుక్ చేసినవాళ్ళు మూడింట్లో ఏదో ఒకటి చెప్పండి: రిసీవర్ ముందు పంపించి ట్రాన్స్‌మిటర్ తర్వాత పంపాలా, రెండూ కలిపి పంపేదాకా ఆగుతారా, డబ్బు వెనక్కి ఇవ్వాలా. పాత ధరకు బుక్ చేసినవాళ్ళకు పాత ధరే. డబ్బు వెనక్కి అడిగితే ఎందుకని అడగం. పాత ట్రాన్స్‌మిటర్ కట్టుకుని చక్కగా వాడుకుంటున్నవాళ్ళు దేన్నీ మార్చనక్కర్లేదు. కీ కోసం ఆ ట్రాన్సిస్టర్ ముక్క విడిగా కావాలంటే ఉచితంగా పంపుతాం.

ఇంకో చిన్న సంగతి. కొత్త ట్రాన్స్‌మిటర్ చాసిస్ మీద ఎనిమిది రంధ్రాల ఆక్టల్ సాకెట్ ఒకటి ఖాళీగా కనిపిస్తుంది. వాల్వు పెట్టడం మరిచిపోయారని రాయకండి. ఎఫ్‌టీ-243 పిన్నులు ఆ సాకెట్‌లో ఒకటి విడిచి ఒకటి ఉన్న రంధ్రాల్లోకి సరిగ్గా దిగుతాయి. అటకమీద పాత క్రిస్టల్ ఏదైనా ఉన్నవాళ్ళ కోసం పెట్టాం.